నిప్పు చూపిస్తేనే పలుకుతాను

నేను ఒక డప్పును. లోకంలోకి వచ్చేటప్పుడు నా దగ్గరున్న పెట్టుబడి ఒక వేపచెక్క చట్రం, దాని మీద బిగించిన మేకతోలు, అంతే. చెక్క నరికినది, తోలు చచ్చినది. రెండు నష్టాలను కలిపి లాభం తీయడం నన్ను చేసిన బక్కయ్యకు తెలుసు.

నా సరుకు శబ్దం. దానికి గిరాకీ ఎన్నడూ తగ్గలేదు. పెళ్లికి నేనే, చావుకు నేనే, సర్పంచి గెలిచినా నేనే. మనుషుల బేరమే విచిత్రం. ఊరేగింపులో నన్ను అందరికన్నా ముందు నడిపిస్తారు, భోజనాల వేళకు గోడవతల కూర్చోబెడతారు. అలాంటి ఇళ్ల ముందు బక్కయ్య దెబ్బ కాస్త గట్టిగా పడేది.

ఆయన చేతులు వణకడం మొదలయ్యాక మనవరాలు స్వరూప భుజానికెక్కాను. ఇంటర్ తర్వాత కొన్నేళ్లు పత్తి మిల్లులో పనిచేసిన ఆ పిల్ల, ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో తాళవాద్యాల డిగ్రీకి దరఖాస్తు పెట్టింది. వయోపరిమితి ప్రకారం ఆమెకు అదే ఆఖరి అవకాశం. నిబంధనల్లో ‘ఏదైనా తాళవాద్యం’ అని ఉంది. రాసినవాళ్లు నన్ను తలచుకుని రాయలేదని అక్కడికి వెళ్లాకే తెలిసింది.

ప్రవేశ పరీక్ష రోజు వాన. గేటు బయట టీకొట్టు పొయ్యి దగ్గర స్వరూప నన్ను కాచింది. సెగ తగిలితేనే నా తోలు బిగుస్తుంది. చల్లబడితే తడిసిన అట్టముక్కకూ నాకూ తేడా ఉండదు. పొద్దున్నే రమ్మన్నవాళ్లు మధ్యాహ్నం దాటాక పిలిచారు. ఆ తడిగాలిలో, వరండాలో, నా సరుకు పాడవుతూనే ఉంది.

లోపల ఒక్క దెబ్బ వేసి స్వరూప నన్ను కొట్టే చిర్రపుల్లను దించేసింది. కాచుకొస్తానని అడిగింది. భవనంలో నిప్పు నిషేధమన్నాడు గుమాస్తా.

“ఇది వాకిట్లో కొట్టుకునేదమ్మా. ఇక్కడిది డిగ్రీ. ఉన్నదున్నట్టు వాయించి వెళ్లు,” అన్నారు పరీక్షాధికారి శేషాచారి.

“ఇందాక మృదంగం వాయించే అన్న శ్రుతి చేసుకుంటుంటే మీరు చాయ్ తాగుకుంట ఆగిండ్రు గద సార్. నాకు నిప్పే శ్రుతి. సల్లబడ్డదాన్ని కొట్టి నేను ఫెయిలు గాను. బయట కాసుకుంట. మీరు లోపల్నే కూసోండ్రి, ఇనబడ్తది.”

టీకొట్టు నుంచి తిరిగొచ్చేలోగా మళ్లీ చల్లబడతానని, కిటికీల పక్కనున్న సైకిల్ షెడ్డు కిందికి వెళ్లాం. సంచిలో పొడిగా ఉన్నది ప్రవేశ నిబంధనల పుస్తకం ఒక్కటే. దాన్ని చింపి మంట వేసింది. అంత లావు పుస్తకం నాకు పనికొచ్చింది అప్పుడే. గుమాస్తా బకెట్టుతో పరిగెత్తుకొచ్చేసరికి నా తోలు బిగిసింది.

ఇక నేను ఎవరి మొహమాటమూ చూడలేదు. రేకులు అదిరాయి, కిటికీలు తెరుచుకున్నాయి. గుమాస్తా పాదం తనకు తెలియకుండానే ఆడి, నీళ్లు సగం అతని మీదే ఒలికాయి. శేషాచారి గొడుగేసుకుని కోపంగానే వచ్చారు. కాసేపు విని, ఏడు మాత్రల నడక ఒకటి చేత్తో వేసి, అందుకోమన్నట్టు చూశారు. అందుకున్నాం. ఆయన వేగం పెంచారు, మేమూ పెంచాం. ముందు ఎవరు ఆపారో చెప్పను, ఆయన పెద్దమనిషి.

“మంట పెట్టుకోవచ్చని నిబంధనల్లో ఎక్కడా లేదు,” అన్నారు రొప్పుతూ.

“ఆ బుక్కు ఇప్పుడే కాలిపోయింది సార్.”

సీటు వచ్చింది. మంట పెట్టినందుకు సంజాయిషీ రాయమన్నారు. స్వరూప రాయలేదు. ఆమె డిగ్రీ పూర్తయ్యాక నన్ను అద్దాల పెట్టెలో పెడతామని శాఖవాళ్లు గౌరవంగానే అడిగారు. “ఇది ఇంకా పనిలున్నది సార్,” అని నన్ను భుజాన వేసుకుంది.

ఇదీ నా లెక్క. పోయింది, అంచున మాడిన తోలు. వచ్చింది, ఇప్పుడు ఏటా ప్రవేశ పరీక్ష రోజున శాఖవాళ్లే ఆ ఆవరణలో వెలిగిస్తున్న ఒక ఇనుప కుంపటి. ఈ ఏడాది దాని చుట్టూ చేరిన డప్పుల్లో నేనెరిగినది ఒక్కటీ లేదు. ఏయే ఊళ్ల నుంచి వచ్చాయో. పోటీ ఇంత పెరగడం ఏ వ్యాపారికైనా నష్టమే. నేను మాత్రం దాన్ని లాభం కిందే రాసుకున్నాను.