మేం తవ్విన గొయ్యి

ఆసుపత్రి దుప్పట్ల మూట నెత్తిన పెట్టుకుని కోడలు చెరువుకి వెళ్ళేసరికి రేవుకి అడ్డంగా ఇనుప కంచె లేచి ఉంది. కాంట్రాక్టరు మనిషి దాని ముందు కుర్చీ వేసుక్కూచున్నాడు.

"ఇకనుంచి ఇది గట్టున మేం కట్టే బంగళాలవాళ్ళ చెరువు. ప్రకృతి ఇచ్చిన అందం. ఇందులో మీ సబ్బు నురగలేమిటి?" అని ఆమె కిందికి దించిన మూటని కాలితో తన్నాడు. ఉతికి బతికే మనిషి చూస్తుండగా దుప్పట్లు బురదలో దొర్లాయి.

ప్రకృతి ఇచ్చిందట. యుద్ధం రోజుల్లో బాంబులు వేసే విమానాలకి రన్‌వే వేస్తూ, దానికి మట్టి ఇక్కడ తవ్వించారు. కూలీల గుడిసెలే తర్వాత ఊరయ్యాయి, గోతిలో వాననీళ్ళు నిలిచి చెరువైంది. అత్త చిన్నపిల్లగా ఆ గోతిలో తట్ట మోసింది. గట్టు విరిగిపడి ఆవిడ అక్క మట్టికిందే ఉండిపోయింది. పని ఆగుతుందని దొరలు శవాన్ని కూడా తియ్యనివ్వలేదు.

ఆ సాయంత్రం రేవువాళ్ళంతా యూనియన్ గదిలో చేరారు. అర్జీ పెడదామన్నారు కొందరు, కంచె పీకుదామన్నారు కొందరు.

"పీకితే కాంట్రాక్టరు మళ్ళీ వేస్తాడు. వాడికి ఇనుముకేం కరువు?" అన్నాడు మేస్త్రీ.

అత్త లేచింది. "చెరువుని చూపించే గదా వాడు బంగళాలు అమ్ముకునేది. పూడ్చేద్దాం. తవ్వింది మనమే."

కోడలు మండిపడింది. "మతిపోయిందా అత్తా? నీళ్ళు పోతే మన నోట్లో మట్టే."

"ఇప్పుడు మాత్రం ఏముందే నోట్లో?"

"అందులో మీ అక్క ఉంది."

అత్త మొహం మాడిపోయింది. "ఉంది. అందుకే వాడికి వదలను."

మర్నాడు పొద్దున ఊరు ఊరంతా మట్టి తట్టలతో కదిలింది. అత్త ఎక్కడ తూలిపడుతుందోనని కోడలు ఉత్త చేతులతో వెనకే నడిచింది. బంగళాలు కొనడానికి కార్లలో వచ్చినవాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూస్తుండగా, అత్త మొదటి తట్ట కంచె మీంచి నీళ్ళలో కుమ్మరించింది.

కాంట్రాక్టరు మనిషి పిలిపించిన ఎస్సై ఆవిడ రెక్క పట్టుకున్నాడు. "చెరువు పూడ్చడం నేరమని తెలీదా, ముసలమ్మా?"

"మా అక్కని పూడ్చినప్పుడు ఏ ఎస్సై రాలేదు నాయనా."

ఆవిణ్ణి జీపెక్కించారు. తట్ట గట్టున దొర్లింది. జనం బిక్కచచ్చి నిలబడిపోయారు. కాంట్రాక్టరు మనిషి మళ్ళీ కుర్చీలో కూచున్నాడు.

కోడలు నీళ్ళ వంక చూసింది. పెళ్ళయి వచ్చిన నాటినుంచీ తిండి పెట్టిన నీళ్ళవి. ఆమెకి ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే వంగి అత్త తట్ట తీసుకుంది, పార పట్టుకున్న మేస్త్రీ ముందు పెట్టింది.

"నింపన్నా," అంది.

ఆమె వెనక ఇంకో తట్ట వచ్చి నిలబడింది.