ఆవిడ చుట్ట కాల్చదండీ

రెండువేల సంవత్సరంలో మా గోదావరి లంకలో చుట్టకి మళ్ళీ రోజులొచ్చాయి. అంతకు ముందు పదేళ్ళుగా కుర్రకారు చుట్ట కంపంటే ముక్కు మూసుకుని సిగరెట్లు కాల్చేవారు. మా అల్లుడు ఏడుకొండలు కువైట్ నుంచి సెలవు మీద వస్తూ చెక్కపెట్టెలో పైదేశపు చుట్టలు తెచ్చాడు. వాటిని సిగార్లు అనాలట. బొటనవేలంత లావు. నడుముకి బంగారు రంగు కాగితం. కొత్తపేటలో ఒక పెళ్ళిలో కిళ్ళీల పక్కన పళ్ళెంలో అవే పెట్టారు. కుర్రాళ్ళు వాటిని నోట పెట్టుకుని ఫొటోలు దిగారు.

"మామయ్యగారండీ, మన లంక పొగాకు ముందు ఇదెంతండి? ఇంతే లావున చుట్టిపెట్టండి. వచ్చే నెల మా పెద్దనాన్నగారబ్బాయి పెళ్ళికి అయిదొందలు కావాలి" అన్నాడు ఏడుకొండలు.

"ఆయ్" అన్నాను.

"సిగరెట్టయితే ఊపిరితిత్తులు పాడైపోతాయండి. దీని పొగ మింగం కదా, ఏం కాదు."

నాకు తెలిసిన పని పొగాకు పండించడం, చుట్టలు చుట్టడం. మూడో తరగతితో బడి మానేశాను. పీట వేసుకుని కూర్చుంటే మా ఆవిడ వీరాయమ్మ ఎదురుగా కూర్చుని ఆకు తడిపి, ఈనె తీసి ఇచ్చేది. ఆ నెల మేమిద్దరం అలాగే కూర్చున్నాం.

ఆ వారంలోనే ఊరి బళ్ళో పళ్ళ డాక్టర్లు ఉచితంగా చూస్తారని ఆటోలో మైకు పెట్టి చెప్పారు. వీరాయమ్మ నాలుగు నెలలుగా పులుసు ముట్టడం లేదు. కారం తగిలితే నోరు మండుతోందని మజ్జిగన్నమే తింటోంది. వేడి చేసిందనుకుని రోజూ కొబ్బరిబొండం కొట్టి ఇచ్చేవాణ్ణి. ఒకసారి చూపించుకుందామని తీసుకెళ్ళాను.

డాక్టరమ్మ పేరు షైనీ. రాజోలు వైపు మేష్టారి కూతురట. మా అమ్మాయి సాయిదుర్గ కంటే చిన్నదిగా ఉంది. టార్చి వేసి వీరాయమ్మ నోట్లోకి చూసింది. చూస్తూనే ఉండిపోయింది. తర్వాత నా వైపు తిరిగింది.

"బాబాయిగారూ, ఇంట్లో చుట్ట ఎవరు కాలుస్తారండి?"

"నేనండి."

"పిన్నిగారో?"

"ఆవిడ చుట్ట కాల్చదండీ. మా ఇంటావంటా లేదు. నాకు తెచ్చిపెడతాది, అంతే."

"ఎక్కడికి తెస్తారు?"

చెప్పాను. పొగాకు చేలో ఉంటే చేతుల నిండా జిగురు, నీళ్ళు. అగ్గిపెట్టె దాచుకుంటే తడిసిపోతుంది. అందుకని మధ్యాహ్నం అన్నం తెచ్చేటప్పుడు వీరాయమ్మ పొయ్యి దగ్గరే చుట్ట ముట్టించుకుని బయల్దేరేది. నెత్తిన అన్నం గంప, చేతిలో నీళ్ళ బిందె. ఏటిగట్టు మీద గాలి. నిప్పు బయటికుంటే ఆరిపోతుంది, లేదంటే రవ్వలు చీర మీద పడతాయి. అందుకని నిప్పున్న కొస నోట్లోకి పెట్టుకుని, పెదాలు మూసుకుని నడిచొచ్చేది. చేను గట్టెక్కాక తీసి, తిప్పి నా నోట్లో పెట్టేది. సాయంత్రం టీ తెచ్చేటప్పుడు మళ్ళీ ఒకటి.

"ఎంతసేపు నడక?"

"అరగంటండి."

"మధ్యలో లాగకపోతే ఆరిపోదా పిన్నిగారూ?"

వీరాయమ్మ నేల చూపులు చూస్తూ, "లాగాలి కదండీ" అంది.

"ఎన్నేళ్ళయింది?"

 నేనే చెప్పాను. "పెళ్ళయినప్పటి నుంచండి. ఇరవై ఎనిమిదేళ్ళు."

డాక్టరమ్మ నన్ను దగ్గరికి పిలిచి టార్చి నా చేతికిచ్చింది. ఎద్దుల్ని కొనేటప్పుడు నోళ్ళు తెరిచి పళ్ళు లెక్కపెట్టినవాణ్ణి. మా ఆవిడ నోట్లోకి ఆ రోజు దాకా చూడలేదు. అంగిలంతా కాగిన పాల మీద మీగడలా తెల్లగా, ముడతలు పడి ఉంది. ఆ తెలుపులో ఎర్రటి చుక్కలు. వెనకాల చింతగింజంత పుండు, అంచులు గట్టిపడి.  డాక్టరమ్మ టార్చి వెనక్కి తీసుకుంది.

"ఇలా నిప్పు లోపలికి పెట్టుకుని కాల్చడాన్ని అడ్డపొగ అంటారండి. అన్నిటికంటే చెడ్డది ఇదే" అంది. "నిప్పు బయటికి పెట్టుకున్నా, పొగ మింగకపోయినా నోటికీ గొంతుకీ ప్రమాదమే. మీ నోరూ చూస్తాను, కూర్చోండి."

నా నోట్లో బుగ్గ లోపల చిన్న మచ్చ ఉందంది. ఆవిడ మాటలు వింటున్నా నాకు ఆ చింతగింజే కనపడుతోంది.

పడవలో ఏరు దాటి, బస్సెక్కి కాకినాడ ఆసుపత్రికి వెళ్తే పుండులోంచి ముక్క తీసి పరీక్షకి పంపారు. పది రోజులకి క్యాన్సరని చెప్పారు. మెడలో గడ్డలు లేవు గనుక వెంటనే అంగిలి కొంత తీసేస్తే బతుకుతారని, ఆలస్యమైతే చెప్పలేమని అన్నారు. ఆపరేషనుకి తారీకు ఇచ్చారు. తిరిగొస్తుంటే బస్సులో వీరాయమ్మ నా భుజం తట్టింది.

"ఏవండీ, చుట్టల వల్లని ఎవరికీ చెప్పకండి. దొంగతనంగా కాల్చిందంటారు. పన్ను పుచ్చిందని చెప్పండి."



ఊళ్ళో మర్నాటికే తెలిసిపోయింది. ఏడుకొండలు పెళ్ళి చుట్టల కోసం వచ్చాడు. ఇక చుట్టనన్నాను.

"అత్తయ్యగారిది వేరండి. మేం నిప్పు బయటికే పెట్టుకుంటాం కదండీ" అన్నాడు.

డాక్టరమ్మ చెప్పింది చెప్పాను. నమ్మలేదు. పెట్టెలోంచి ఒక సిగారు తీసి వాసన చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ఏటిగట్టు మీద మా తమ్ముడి భార్య సూరమ్మ ఎదురైంది. నెత్తిన గంప, చేతిలో బిందె. నన్ను చూసి పక్కకి తప్పుకుని, బిందె దించి, నోట్లోంచి చుట్ట తీసింది. కొస ఎర్రగా మండుతోంది.

"అక్క మాకెవ్వరికీ తెలీకుండా చుట్టలు లాగేదంటగా బావగారూ. పైకేమో పూజలూ, ఉపవాసాలూను" అంది, నవ్వు కొంగులో దాచుకుంటూ.



"అక్క నాకు తేవడానికే లాగింది. నువ్విప్పుడు మా తమ్ముడికి పట్టుకెళ్తున్నావు చూడు, అలాగే. నేనే అలా తెమ్మన్నాను. ఆవిడ తప్పేం లేదు."

అన్ని మాటలు నా నోట ఆమె ఎప్పుడూ విని ఉండదు. నవ్వడం మానేసింది.

"మేం కాల్చం కదండీ. తీసుకెళ్తాం, అంతే."

"నోరు మండుతోందా?"

"మిరపకాయలు కొత్తవండి, ఆ మంటే."

చూపించమని అడగలేను. మా ఇళ్ళల్లో తమ్ముడి భార్య బావ ముందు కూర్చోనైనా కూర్చోదు. బిందె ఎత్తుకుని, చుట్ట మళ్ళీ లోపలికి పెట్టుకుని వెళ్ళిపోయింది. గట్టు పొడుగునా ఇంకా నలుగురైదుగురు ఆడవాళ్ళు నడుస్తున్నారు. అందరి పెదాలూ మూసుకునే ఉన్నాయి. ఇన్నేళ్ళూ రోజూ చూస్తున్న గట్టే అది.

ఆపరేషనయింది. వీరాయమ్మ బతికింది. అంగిట్లో చిల్లు పడింది. దానికి అడ్డంగా ఒక బిళ్ళ చేసి ఇచ్చారు. బిళ్ళ తీస్తే తాగిన నీళ్ళు ముక్కులోంచి వస్తాయి. బిళ్ళ ఉన్నా మాట ముక్కుతోనే వస్తుంది. ఇంటికొచ్చాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగి పడుకునేది. చూడ్డానికి వచ్చినవాళ్ళతో మాట్లాడేది కాదు.

సూరమ్మ సగ్గుబియ్యం జావ పట్టుకొచ్చింది. నేను లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళాను. వెళ్తూ వీరాయమ్మతో గట్టు మీద చూసింది చెప్పాను. నోరు మండుతోందన్న సంగతి కూడా చెప్పాను.

 వీరాయమ్మ లేచి కూర్చుంది. కొంగు తీసేసింది. వేళ్ళు నోట్లో పెట్టి బిళ్ళ ఊడదీసి, గిన్నెలో పెట్టింది. సూరమ్మ చెయ్యి పట్టి దగ్గరికి లాగి నోరు తెరిచింది.

సూరమ్మ జావ గిన్నె కింద పెట్టేసింది. అలాగే చూస్తూ, "అక్కా" అంది. 

వీరాయమ్మ బిళ్ళ పెట్టుకుని, దిండు పక్కనున్న టార్చి తీసింది. "ఇప్పుడు నువ్వు" అంది.

"బావగారున్నారక్కా."

నేను వీధి వైపు తిరిగి నిలబడ్డాను. వెనకాల టార్చి బొత్తాం నొక్కిన చప్పుడైంది. తర్వాత మళ్ళీ నొక్కి ఆర్పిన చప్పుడు.

"ఏవండీ" అంది వీరాయమ్మ, ముక్కుతో. "రేపు పొద్దున్న మొదటి పడవ ఎన్నింటికి?"