బ్రహ్మచారి పావుకోళ్లు

ఫౌజు వస్తోంది, విమానాలు బాంబులు వేస్తాయని పుకారు పుట్టగానే బ్రహ్మచారి తన సీతాఫల్‌మండి ఇంట్లో కిరాయిదారుల బల్బులన్నీ ఊడదీసి బీరువాలో పెట్టేశాడు. వసారాలో బిగుసుకుపోయిన బల్బును హోల్డరుతో సహా కోసేసి, తీగ కొసలు వేలాడుతూ వదిలేశాడు. బల్బు పోతే కరెంటూ పోయినట్టేనన్నాడు. రేడియో వార్తలు వినాలి గనక మెయిను మాత్రం ఆపలేదు. నిజాం లొంగిపోయి వారమైనా బల్బులు బీరువా దాటలేదు.

ఆ ఉదయం వాన వెలిసింది. కిరాయిదారుల కోడలు సుమిత్ర వసారా ముందు తడి రాళ్లమీద ఒట్టి కాళ్లతో నిలబడి, బట్టలారేసే ఇనుప తీగమీద చీర వేయబోయింది. వేలాడే కరెంటు కొస గాలికి ఊగి ఆమె పట్టుకున్న ఇనుప తీగకు తగిలింది. పిల్ల కెవ్వుమని ఎగిరి పడింది. అరచెయ్యి కమిలిపోయింది.

"దయ్యం సోకింది!" అంది అత్త కమలాబాయి. గదిలోకి పోయి కోడలి బట్టలు మూట కట్టడం షురూ చేసింది. "ఇయ్యాల్నే పుట్టింటికి తోలుత."

"బల్బులు నా బీరువల ఉన్నయ్. కరెంటెక్కడిది?" అన్నాడు బ్రహ్మచారి తన గడపలో నిలబడి.

పక్కగది రోసమ్మకు ఒళ్లు మండింది. "నల్లా కట్టేస్తే పైపుల నీళ్లు మాయమైతయా చారిగారూ? బల్బు తీస్తే వెలుగు పోతది, తీగల కరెంటు పోదు. ఎదురుంగ తడి మనిషి దొరికితే ఆ మనిషిలకెల్లే భూమిలకు దిగుతది. బల్బులు లేవంటివి, నీ రేడియో దేంతోని మోగుతున్నది?"

"మొగోళ్ల ముచ్చట్లు నీకెందుకమ్మా?"

"అయితే నువ్వే వచ్చి ఆ బట్టల తీగ పట్టుకో. పిల్లకు సోకింది దయ్యమే అయితే నీకేం కాదు గద."

కమలాబాయి మూట కట్టడం ఆపి చూసింది. బ్రహ్మచారి మీసం దువ్వుకున్నాడు. ఒక అడుగు వేయబోయి ఆగి, గోడవార నుంచి కొయ్య పావుకోళ్లు లాగి మెల్లగా తొడుక్కున్నాడు.

"చూసినవా కమలాబాయీ!" రోసమ్మ గొంతు వీధిలోకి వినబడింది. "దయ్యానికి పావుకోళ్లెందుకు? కరెంటుందని ఎరికే ఈయనకు! ఎరికుండి గూడ పిల్లకు దయ్యమంటే ఊకున్నడు! చారీ, పోయి మెయిను గుంజు. తర్వాత వచ్చి సుమిత్రను మాఫీ అడుగు."

ఆయన టకటకమంటూ లోపలికి పోయాడు. రేడియోలో వార్తలు చెబుతున్న గొంతు మాట మధ్యలోనే తెగిపోయింది.

కమలాబాయి మూట వదిలేసి వచ్చి కోడలి చెయ్యి పట్టుకుంది. బ్రహ్మచారి ఎంతసేపటికీ బయటికి రాలేదు. రోసమ్మ ఆయన గడప ముందే కూర్చుంది.