నా ఒంటి మీద ఏదెను

నేను ఒక రాగి రేకును. ఆమ్‌స్టర్‌డామ్‌లో పటాలు చెక్కే గిలిస్ చేతిలో పడేదాకా లోకమంటే ఏమిటో నాకు తెలియదు. ఆయన ఉలి పట్టి నా మీద సముద్రాలూ కొండలూ చెక్కాడు. అంతా అయ్యాక పటాల వర్తకుడు వచ్చి, "ఏదెను తోట ఏదయ్యా? అది లేని పటం ఎవడు కొంటాడు?" అన్నాడు. ఆదామునూ హవ్వనూ వెళ్లగొట్టిన ఆ తోట భూమ్మీద ఎక్కడో ఇంకా ఉందని అక్కడ చాలామంది నమ్మకం. గిలిస్ తల గోక్కుని, తూర్పున రెండు నదుల మధ్య కాస్త ఖాళీ కనబడితే నాలుగు చెట్లూ ఒక గోడా చెక్కేశాడు. దేవుడి తోటకు చోటు దొరికింది అలాగన్నమాట!

దాన్ని గిలిస్ తమ్ముడు వౌటర్ నిజంగానే నమ్మాడు. భార్య పోయినప్పటి నుంచి అతనికి ఇంట్లో కాలు నిలవడం లేదు. నా మీంచి తీసిన మొదటి అచ్చు మడిచి చొక్కాలో దోపుకుని, "చావు లేని చోటు ఒకటుందంటే చూడకుండా ఎలా ఉంటానన్నయ్యా?" అంటూ ఓడెక్కాడు. ఖాళీ ఉందని చెక్కానురా అని చెప్పడానికి గిలిస్‌కు నోరు రాలేదు.

మరుసటి ఏడు పండితులు మాట మార్చారు. తోట ఉత్తరాన కొండల్లో ఉందన్నారు. వర్తకుడు పటం మార్చమన్నాడు.

"మా తమ్ముడు ఆ చోటికే వెళ్లాడండీ. చెరిపేస్తే వాడు ఎక్కడున్నాడనుకోను?" అన్నాడు గిలిస్.

కానీ ఇంట్లో పొయ్యి వెలగాలి కదా. గీతలు గీరేసి, పడిన గుంట పైకి లేచేలా వెనక నుంచి సుత్తితో కొట్టాడు. కొన్నాళ్లకు పండితులు మనసు మార్చుకుని తోటను మళ్లీ పాత చోటికే తెచ్చారు. మళ్లీ చెక్కుడు, మళ్లీ గీకుడు. ఆ తోట ఉన్న చోట నేను కాగితంలా పలచబడ్డాను. నొప్పికంటే నాకు భయమే ఎక్కువ. వౌటర్ తిరిగొస్తాడా?

వచ్చాడు. గడ్డం నెరిసి, ఎముకల గూడై వచ్చాడు. అన్న అతని భుజాలు పట్టుకుని కూర్చోబెట్టాడు. తమ్ముడే చెప్పాడు.

"అక్కడ దోమలున్నాయన్నయ్యా. మంచి మనుషులున్నారు. తోట ఎక్కడని అడిగితే, అది మీ దేశాల వైపే ఉందని విన్నామే అన్నారు."

ఆ వారమే వర్తకుడు మళ్లీ వచ్చాడు, తోటను ఇంకో చోటికి మార్చమని. గిలిస్ పళ్లు కొరుకుతూ సుత్తి ఎత్తాడు. ఒక్క దెబ్బకు నాకు చిల్లు పడింది. వౌటర్ నన్ను ఎత్తి ఆ చిల్లుకు కన్ను ఆనించాడు. అవతల కళ్లనీళ్లతో అన్న నిలబడి ఉన్నాడు.

"ముసలాడివైపోయావన్నయ్యా!" అని నవ్వాడు. ఆ తర్వాత వౌటర్ మళ్లీ ఓడెక్కలేదు.

ఇప్పుడు నేను మ్యూజియంలో, అద్దాల పెట్టెలో ఉన్నాను. నిన్న పాత వస్తువులు బాగుచేసే పెద్దమనిషి ఒకాయన వచ్చి, పెట్టె తెరిచి నా చిల్లును వేలితో తడిమి, "దీన్ని పూడ్చేయొచ్చు, చిల్లు ఉన్నట్టే తెలియదు" అన్నాడు. అప్పటి నుంచి నాకు మనశ్శాంతి లేదు. నా మీద తోట నిజంగా ఉన్నది, తమ్ముడికి అన్న కనబడిన ఆ చిల్లు ఒక్కచోటేనని అతనికి ఎవరు చెబుతారు?