నడిమి మనిషి

ఏకాంబరం తన బల్లను మళ్లీ గది మధ్యకు లాగుతున్నాడు. ఊడ్చే ఆవిడ రోజూ దాన్ని గోడకు నెట్టేసి పోతుంది. పొద్దున్నే ఆమెను తిట్టుకుంటూ వెనక్కి లాక్కోవడం ఇతని పని. ఆవేళ లాగుతుంటే ఎడమ భుజం నుంచి మోచేతి దాకా నొప్పి దిగింది. చొక్కా గుండీ ఒకటి విప్పుకుని మళ్లీ లాగాడు.

తిరుపతిలో కపిలతీర్థం రోడ్డు మేడమీద ఉన్న ఆ చిన్న కంపెనీ లాడ్జీలకు వెబ్‌సైట్లు చేసిపెడుతుంది. బల్లకు అటుపక్క పంకజాక్షి, తెరమీద కనిపించే పేజీలు రాస్తుంది. ఇటుపక్క గుణశేఖర్, గదుల వివరాలుండే డేటాబేసు చూస్తాడు. 2006లో కంపెనీ కొత్త ఫ్రేమ్‌వర్క్‌లోకి, అంటే వెబ్‌సైట్లు కట్టే కొత్త చట్రంలోకి మారింది. అందులో ఒక కట్టుబాటుంది: పేజీ నేరుగా డేటాబేసును అడగకూడదు, మధ్యలో ఉన్న కంట్రోలర్ అనే కోడు ముక్క అడిగి తెచ్చివ్వాలి. కోడుకు మంచి కట్టుబాటే. ఈ మహానుభావుడు ఏకాంబరం దాన్ని తెచ్చి మనుషులకు తగిలించాడు. కంట్రోలర్ రాసేది తనే కనుక ఆ ఇద్దరి మధ్యా మాట కూడా తన ద్వారానే నడవాలన్నాడు. ఆఫీసు ముఖం చూడని యజమాని సరేనన్నాడు. అప్పటినుంచి వాళ్లిద్దరికీ ఇతన్ని చూస్తే ఒళ్లుమంట. ఇతనికీ వాళ్లంటే అంతే.

"సార్, రూము రేటు పాతదే కనపడతా ఉండాది. గుణన్నను అడుగుతా," అని పంకజాక్షి లేచింది.

"కూర్చో. నాకు చెప్పు, నేనడుగుతా."

"ఈడే గదా సార్ కూర్చోనుండాడు!"

"ఉంటే? పేజీ పోయి డేటాబేసుతో మాట్లాడతాదా?"

గుణశేఖర్‌కు అంతా వినబడింది. అయినా తల ఎత్తలేదు. ఎత్తితే ఇంకో గంట తిట్లు.

మధ్యాహ్నానికి ఏకాంబరం చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఎర్రంచు తువ్వాలుతో చెమట తుడుచుకుని, దాన్ని కుర్చీ వీపున ఆరేశాడు. ముఖంలో నెత్తురు లేదు.

"ఆస్పత్రికి పోయి రాండి సార్. మేం చూసుకుంటాం," అంది పంకజాక్షి.

'మేం' అన్న మాట అతనికి మేకులా దిగింది. డాక్టరు ఎప్పుడో రమ్మన్నాడు. పోతే వీళ్లు కుర్చీలు దగ్గరకు లాక్కుంటారు, మాట్లాడుకుంటారు, పని అయిపోతుంది. అయిపోతుందన్నదే అతని భయం. తను లేకుండా ఒక్క పూట నడిస్తే ఇక తనెందుకు? నగరిలో మగ్గాలు అమ్ముకుని, నలభై దాటాక కంప్యూటరు నేర్చినవాడికి ఇంకో చోట కుర్చీ ఎవరిస్తారు?

"మేమంటే ఎవరు? నువ్వూ, వాడూనా? నాకేం కాలేదు. పని సూడు!"

"ఎట్లన్నా సావనీ," అని గొణిగింది, అతనికి వినబడేలాగే.

టీ వేళకు అతను బల్లమీద తల ఆనించాడు. ఇద్దరూ చూశారు. అలిగాడనుకున్నారు. రేటు ఇంకా తప్పుగానే ఉంది. తన ద్వారా తప్ప మాట్లాడుకోకూడదన్నది అతని కట్టుబాటే కదా, అనుభవించనీ అని కసిగా ఊరుకున్నారు. లైట్లు వేశాక కూడా ఆ తల లేవలేదు. పంకజాక్షి వెళ్లి చేయి తాకింది. చల్లగా ఉంది.

"గుణన్నా," అని పిలిచింది. కట్టుబాటు వచ్చాక ఆ గదిలో ఆమె అతన్ని నేరుగా పిలవడం అదే మొదటిసారి. "ఇట్లా రా అన్నా. సార్ పోయినాడు."

గుణశేఖర్ వచ్చి పక్కన నిలబడ్డాడు. మాట్లాడుకోవడానికి ఇప్పుడు అడ్డమెవరూ లేరు. గుణశేఖర్ ఫోనందుకుని అంబులెన్సును పిలిచాడు.

అంబులెన్సు వెళ్లాక చూస్తే, కుర్చీ వీపున అతను ఆరేసుకున్న ఎర్రంచు తువ్వాలు, చెమటతో ఇంకా తడిగానే ఉంది.