టేపు కింద పసుపు లైటు

ఇంటాయనకు జీవితంలో ఒకటే సిద్ధాంతం: చిక్కగా ఉన్నదానికే బలం. పాలకైనా, టీకైనా, గోడకేసే రంగుకైనా అదే లెక్క. కారులో కూడా కంపెనీ చెప్పిన పలచటి ఆయిల్ తీయించి, పాకంలా సాగేది పోయించాడు. కొన్నాళ్లకే కారు సిగ్నళ్ల దగ్గర కునికిపాట్లు పడటం మొదలుపెట్టింది. స్టీరింగు వెనక పసుపు లైటు వెలిగింది. ఆయన ఆలస్యం చేయకుండా దాని మీద నల్ల టేపు అంటించాడు.

కారు నడిపేది ఇల్లాలు. ఆఫీసుకు ఇరవై నిమిషాల దారి. తువ్వాలు ఎక్కడుందని ఎవరూ ఆమెను అడగని ఇరవై నిమిషాలు రోజు మొత్తంలో అవే. కారుకు వయసైపోయిందనీ, ఆదివారం తోడల్లుడికి ఇచ్చేస్తున్నాననీ ఆయన అన్నం తింటూ చెప్పాడు. ఆమె శుక్రవారం సెలవు పెట్టి చెవి డాక్టరు దగ్గరికి వెళ్లింది.

చెవి డాక్టరంటే మెకానిక్కే. పొడవాటి స్క్రూడ్రైవరు ఒక కొన ఇంజనుకు, రెండో కొన చెవికి ఆనించి కళ్లు మూసుకుంటాడు. షెడ్డు రేకుల చిల్లుల్లోంచి పడ్డ వెలుగు చుక్కలు అతని భుజం మీద మెల్లగా జరుగుతున్నాయి. ఆమెనూ వినమన్నాడు. ఎక్కడో చాలా లోపల, ఎవరో నిద్రలో నడుస్తూ వేళకాని వేళ తలుపులు తెరుస్తున్నట్టు వినిపించింది.

అది నిజమేనన్నాడతను. కారు పరిగెత్తేటప్పుడు వాల్వులు, అంటే ఇంజను లోపలి తలుపులు, కాస్త ముందుగా, నిలబడ్డప్పుడు కాస్త ఆలస్యంగా తెరుచుకోవాలట. వాటి వేళ మార్చేది ఆయిల్ ఒత్తిడి. ఆ ఆయిల్‌కు దారి వదిలే సోలినాయిడ్ అనే చిన్న కరెంటు పరికరాన్ని విప్పి చూపించాడు. దాని జల్లెడ నిండా జిగురు. బ్యాటరీ తీగ తగిలిస్తే టక్కున కదలాల్సింది, ఆవలించి ఊరుకుంది.

"ఈ ఆయిల్ ఎవరు పోయించారమ్మా?"

"మా ఆయన. చిక్కగా ఉంటే బలమట."

"బలానికేం, బోలెడుంది. సందులోంచి దూరడానికే ఓపిక లేదు."

కడిగి బిగించాడు, పలచటి ఆయిల్ పోశాడు, టేపు పీకేశాడు. ఇంజను ఎంత నిశ్శబ్దంగా తిరిగిందంటే, ఆగిపోయిందనుకుని ఆమె మళ్లీ తాళం తిప్పింది. అది కీచుమంది. బయల్దేరే ముందు, ఆ సోలినాయిడ్‌కు కరెంటిచ్చే ప్లగ్గు ఊడితే ఏమవుతుందని అడిగింది. లైటు వెలుగుతుంది, కారు బద్ధకిస్తుంది, కాసేపటికైతే నష్టమేమీ లేదన్నాడు. ఎందుకని అడగలేదు.

ఆదివారం తోడల్లుడు వచ్చాడు. టైర్లను తన్ని చూసి, కార్ల గురించి తనకు తెలియనిది లేదన్నట్టు తలాడించాడు. మగవాళ్లిద్దరూ లోపల టీ తాగుతుండగా ఆమె బానెట్ ఎత్తి, ప్లగ్గు లాగి, చేతులు తుడుచుకుని బిస్కెట్లు తెచ్చిపెట్టింది. అతను వీధి చివరిదాకా నడిపి, దాదాపు నడిచినంత సేపు తీసుకుని వచ్చాడు.

"ఏమీ అనుకోవద్దు వదినా. ఇది మనిషై ఉంటే ఈపాటికి పెన్షన్ తీసుకుంటుండేది."

"అయ్యో, మీకిద్దామని ఎంత ఆశపడ్డామో" అందామె.

తోడల్లుడు వెళ్లాక ఇంటాయన కారులోకి తొంగి చూశాడు. ఆ తర్వాత కొత్త టేపు తెచ్చి లైటు మీద అంటించాడు.

సోమవారం ఆమె ప్లగ్గు పెట్టేసింది. సిగ్నలు దగ్గర కారు ఊపిరి కూడా వినిపించలేదు. మంచులో ఎర్ర దీపం ఆమె కోసమే ఆలస్యం చేస్తున్నట్టుంది. బుధవారం అక్కడే టేపు అంచు ఎత్తి చూసింది. లైటు ఆరిపోయి ఉంది.

ఆమె టేపును మళ్లీ అంటించి, ఊడకుండా గోటితో గట్టిగా రుద్దింది.