వెనక భుజం

"రాయి," అన్నాడు డోలీ కర్ర ముందు కొమ్ము మోస్తున్న బుధు.

"ఓ," అన్నాడు వెనక గాసి. అని కూడా ఆ రాయినే తన్నుకున్నాడు.

వెనక మోసేవాడికి ఎదురుగా డోలీ గుడ్డ తప్ప దారి కనబడదు. ముందువాడి నోరే వాడి కళ్లు. రాయి అంటే, గొయ్యి అంటే, ఓ అని పలికి ఒడుపుగా అడుగు వేయాలి. అనంతగిరి కొండల్లో ఆ ఒడుపుకి గాసి పెట్టింది పేరు. పెళ్లాం తమ్ముడు బుధుతో జోడీ కట్టి, కొండ ఊళ్ల మీద పెత్తనం చేసే ముఠాదారు కబురంపినప్పుడల్లా దొరల్నీ, నెలలు నిండిన ఆడవాళ్లనీ మోశాడు. అంతకు మించి అతని గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. బక్కపలచని మనిషి, వంగిన మెడ, కర్ర రాపిడికి కాయగాసిన కుడి భుజం.

అలాంటివాడు వానలు పడ్డప్పటి నుంచీ తూలుతున్నాడు. పొద్దున లేస్తే తలనొప్పి, వాంతి. ఇంకేముంది, జీలుగు కల్లు నెత్తికెక్కిందన్నారు. కొండ మీద తాగడం తప్పు కాదు, తాగి డోలీ ఎత్తడం తప్పు. గాసి పండగ కల్లు కూడా ముట్టడం మానేశాడు. తూలడం ఆగలేదు. చాటుగా తాగుతున్నాడన్నారు. కుండకి మూకుడు పెట్టగలం గాని ఊరి నోటికి పెట్టగలమా? బుధు కూడా ఆ మాటే నమ్మాడు, అదీ గాసి గుండెలో ముల్లు. రేపటి నుంచి వెనక కొమ్ము భీముడిదని బుధు తేల్చేశాడు. ఆ భీముడు ఇవాళ మారు భుజానికని వెంట నడుస్తూనే ఉన్నాడు.

డోలీలో ఉన్నది చలిజ్వరాల మందులిచ్చే ధనరాజు డాక్టరు. ఇంకో కుదుపు రాగానే దింపమని, ఈ తాగుబోతుని ఎవరు పెట్టారని కసిరాడు. గాసి కర్ర దించి పక్కనే పారే గెడ్డ ఒడ్డుకి పోయి కక్కుకున్నాడు. భుజం మీద వేసుకునే గోనెగుడ్డ మడతకి అంటుకుంటే కడిగి బండ మీద ఆరేశాడు. నోట్లో నీళ్లు పోసుకుంటే కుడి పెదవి కొస నుంచి కారిపోయాయి.

డాక్టరు చూపు అక్కడే ఆగింది. దగ్గరికి వచ్చి నోరు వాసన చూశాడు. కల్లు వాసన లేదు. జేబు గడియారం కుడి చెవికి ఆనిస్తే గాసికి ఏమీ వినబడలేదు. పాదాలు జోడించి కళ్లు మూసుకోమంటే కుడి పక్కకి ఒరిగిపోయాడు, బుధు పట్టుకోకపోతే పడేవాడే. పెట్టెలోంచి చిన్న అద్దం తీసి, డోలీ గుడ్డ చాటున దీపం వెలిగించి, డాక్టరు అతని కంట్లోకి చాలాసేపు చూశాడు.

"చెవి నరం మీద గడ్డ లేచింది. మెదడుని నొక్కేస్తోంది. పుస్తకాల్లో చదవడమే గాని, చూడ్డం ఇదే మొదలు," అన్నాడు. ఆ గొంతులో సంబరం ఉంది. అంతలోనే తన సంబరానికి తనే సిగ్గుపడ్డాడు. మద్రాసులో కత్తి పెట్టేవాళ్లున్నారనీ, ఆ కత్తి కింద నుంచి లేచేవాళ్లు తక్కువనీ, పెట్టకపోతే అసలే బతకడనీ నెమ్మదిగా చెప్పాడు.

గాసి అదంతా విన్నట్టు లేదు.

"తాగుడు కాదు గదా బాబూ?"

"కాదు."

"ఆ మాట మా బుధుకి సెప్పండి."

బుధు పక్కనే ఉన్నాడు. అయినా డాక్టరు అతని వైపు తిరిగి మళ్లీ చెప్పాడు. బుధు తల ఎత్తలేకపోయాడు. గాసికి మాత్రం ఎన్నాళ్ల బరువో దిగినట్టయింది. తన చావు కబురు విని తేలికపడినవాణ్ణి ఆ కొండ మీద ఇతన్నే చూడాలి.

డాక్టరు తను నడుస్తాననీ, మద్రాసు పంపడానికి గాసిని డోలీలో వేసి కొండ కింది కోట ఊరికి దింపమనీ అన్నాడు. మోసేవాడు డోలీ ఎక్కడం ఎక్కడైనా ఉందా అని గాసి మొరాయించాడు. బుధు అతన్ని చంటిపిల్లాణ్ణి ఎత్తినట్టు ఎత్తి పడుకోబెట్టాడు. వెనక కొమ్ము భీముడు ఎత్తుకున్నాడు.

"రాయి," అన్నాడు బుధు.

"ఓ," అని లోపల్నుంచి గాసి పలికాడు.

వలిసె పూల చేలు దాటి ఘాటీ దిగుతుంటే ప్రతి మాటకీ డోలీలోంచే బదులు వచ్చింది. భీముడు నోరు విప్పలేదు, ఆ పలుకు ఇంకా తనది కాదు.

"నిన్ను నానా మాటలూ అన్నాను బావా. మనసులో ఎట్టుకోకు," అన్నాడు బుధు, వెనక్కి తిరగకుండానే.

"దారి సూడు," అన్నాడు గాసి.

మలుపు దగ్గర, "వేరు," అన్నాడు బుధు.

బదులు రాలేదు. నిద్ర పట్టిందనుకుని నాలుగడుగులు వేశాడు. డాక్టరు డోలీ దింపించి, మణికట్టు పట్టుకు చూసి, టోపీ తీశాడు.

ఇక కోటకెందుకు? గాసి పెళ్లాం, తన అక్క చిన్నమ్మలుకి ఏం చెప్పాలో తెలీక ఏడుస్తూనే బుధు డోలీని ఇంటి దారికి మళ్లించాడు. ఊరొచ్చేదాకా ప్రతి రాయినీ, ప్రతి గొయ్యినీ చెబుతూనే నడిచాడు. భీముడు ఓ అనలేదు.

గెడ్డ ఒడ్డున బండ మీద గోనెగుడ్డ మడత సాయంత్రానికి ఆరిపోయింది. కర్ర ఆని ఆని పడిన పల్లం దాని మధ్య అలాగే ఉంది.